కుక్కపిల్ల పెద్దయ్యాక కరవకూడదంటే: చిన్నప్పటి శిక్షణపై తరచుగా అడిగే ప్రశ్నలు

కుక్క కరిచాక "ఉన్నట్టుండి కరిచింది" అంటారు. చాలా కుక్కలు ఉన్నట్టుండి కరవవు. ముందు ముఖం తిప్పుకుంటాయి, పెదవులు నాక్కుంటాయి, బిగుసుకుపోతాయి, గుర్రుమంటాయి. నెలల తరబడి చెప్పినా ఎవరూ వినకపోతే చివరికి పళ్ళు వాడతాయి. ఆ కరుపుల్లో చాలావాటి వెనక ఉండేది భయమే. అందుకే ఈ జవాబులన్నీ రెండు పనుల చుట్టూ తిరుగుతాయి: కూనకు భయపడే అవసరం తగ్గించడం, భయపడుతున్నానని అది చెప్పినప్పుడు వినడం.

శిక్షణ ఎప్పుడు మొదలుపెట్టాలి? ఆరు నెలలు నిండాలంటారు కదా?

ఇంటికి వచ్చిన రోజే మొదలుపెట్టండి. ఆరు నెలలు ఆగమనే మాట, గొలుసుతో మెడ గుంజి నేర్పే పాత పద్ధతి నాటిది. ఆ గుంజుడును లేతమెడ తట్టుకోలేదు కనుక ఆగమనేవారు. తిండిముక్కతో నేర్పేటప్పుడు ఆగడానికి కారణమే లేదు. ఆగితే మాత్రం నష్టం పెద్దది. సుమారు 3వ వారం నుంచి 12–14 వారాల దాకా కుక్కపిల్లకు కొత్తదాన్ని చూస్తే భయం కన్నా కుతూహలం ఎక్కువ. ఆ రోజుల్లో హాయిగా పరిచయమైన మనుషులు, చప్పుళ్ళు, జంతువులు పెద్దయ్యాక కూడా చాలావరకు మామూలుగానే అనిపిస్తాయి. ఆ గడువు దాటాక ఏ కొత్తదైనా ముందు అనుమానాన్నే పుట్టిస్తుంది.

అలాగని 8 వారాల కన్నా ముందే తల్లి దగ్గర్నుంచి తెచ్చేయకండి. తోబుట్టువులతో కుస్తీ పడేటప్పుడు ఒకటి గట్టిగా కొరికితే రెండోది కుయ్యిమని ఆట మానేస్తుంది. పంటి బలం ఎంత వాడాలో నేర్పే మొదటి బడి అదే. 5, 6 వారాలకే మీ చేతికొచ్చిన కూన అయితే ఆ పాఠం మీరే చెప్పాలి. ఎలాగో కింద రాశాం.

టీకాలు పూర్తికాకముందే బయటికి తీసుకెళ్ళొచ్చా?

తీసుకెళ్ళొచ్చు, నేల మీద దింపకుండా. కూనలకు ప్రాణాంతకమైన వాంతులు, విరేచనాలు తెచ్చే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. అందుకని వేరే కుక్కలు తిరిగి, మలవిసర్జన చేసే చోట్లలో టీకాలు పూర్తికాని కూన కాలు పెట్టకూడదు. కానీ టీకాల వరుస 6–8 వారాల వయసులో మొదలై 16 వారాల దాకా సాగుతుంది. అన్నాళ్ళూ నాలుగు గోడల మధ్య ఉంచితే లోకం పరిచయమయ్యే గడువు కాస్తా ముగిసిపోతుంది. అమెరికన్ వెటర్నరీ సొసైటీ ఆఫ్ యానిమల్ బిహేవియర్ 2008లో ఇచ్చిన ప్రకటనలో, 7–8 వారాల నుంచే కూనల తరగతులకు పంపవచ్చని చెప్పింది. మొదటి టీకా వేసి, నులిపురుగుల మందు పట్టి కనీసం 7 రోజులు కావాలన్నది షరతు.

చేతుల మీదో సంచిలోనో ఎత్తుకుని రద్దీ వీధి అంచున 10 నిమిషాలు నిలబడండి. ఆపి ఉంచిన బండిలో ఒళ్ళో కూర్చోబెట్టుకుని జనాన్ని చూపించండి. టీకాలన్నీ పడిన, నెమ్మదైన పెద్దకుక్క ఉన్న ఇంటికి తీసుకెళ్ళండి. మీ ప్రాంతంలో పార్వో ప్రబలి ఉంటే మాత్రం మీ వెటర్నరీ డాక్టర్ చెప్పిందే చేయండి.

సోషలైజేషన్ (కూనకు లోకాన్ని పరిచయం చేయడం) అంటే అందరి చేతా ముద్దు చేయించడమేనా?

కాదు. ఈ అపోహ వల్ల మనుషులంటేనే బెదిరిపోయిన కూనలు చాలా ఉన్నాయి. పదిమంది చేతులు మారిన కూన నేర్చుకునేది, మనిషి దగ్గరికొస్తే తప్పించుకునే దారి ఉండదని. పరిచయం అంటే కొత్తదాన్ని తనకు నచ్చినంత దూరం నుంచి చూడటం, చూసిన వెంటనే నోటికి మంచిదేదో అందడం. ముందు కొత్త మనిషి కనబడాలి, తర్వాత ముక్క రావాలి. వరుస తిరగబడితే, అంటే ముక్క చూపించి మనిషి దగ్గరికి లాక్కెళితే, ముక్కను చూసినా అనుమానపడటం మొదలవుతుంది.

ఎవరిని, వేటిని చూపించాలి? గడ్డం ఉన్నవారు, టోపీ, హెల్మెట్ పెట్టుకున్నవారు, చేతికర్రతో నడిచేవారు, వీల్‌చెయిర్‌లో ఉన్నవారు, పరుగెత్తే పిల్లలు, తెరుచుకునే గొడుగు, సైకిలు, వాక్యూమ్ క్లీనర్, లిఫ్టు, జారుడు గచ్చు, మెట్లు. రోజుకు రెండు కొత్తవి, ఒక్కోటీ 2–3 నిమిషాలు చాలు. ఉరుములు, బాణసంచా చప్పుళ్ళ రికార్డింగులను తిండి వేళ పెట్టండి. వాల్యూమ్ ఎంత ఉండాలంటే, చెవి కదపాలి గానీ తినడం ఆపకూడదు. అలా రెండు మూడు రోజులు నిశ్చింతగా తిన్నాకే కాస్త పెంచండి.

ఇష్టమైన ముక్కను కూడా నోట పెట్టడం లేదంటే మీరు మరీ దగ్గరకొచ్చారని అర్థం. వెంటనే దూరం జరగండి. అలవాటు పడుతుందిలే అని అక్కడే నిలబెట్టకండి.

పలకరించేవారికి ఒక్క మాట చెప్పి ఉంచండి. పైనుంచి వంగి తల మీద చేయి వేయొద్దని, పక్కకు తిరిగి కింద కూర్చుని కూననే రానివ్వమని. వచ్చాక ఛాతీ పక్కనో భుజం మీదో 3 సెకన్లు నిమిరి చేయి తీసేయాలి. మళ్ళీ ఆనుకుంటే నిమరొచ్చు. ఒళ్ళు దులుపుకుని వెళ్ళిపోతే వదిలేయాలి.

మా కూన చేతులు, పాదాలు కొరుకుతూనే ఉంటుంది. ఇది కోపమా?

ఎక్కువ భాగం కాదు. కుక్కపిల్లకు 28 పాలపళ్ళు ఉంటాయి. సుమారు 4 నెలల నుంచి అవి ఊడుతూ, 6–7 నెలలకు 42 పళ్ళ వరుస పూర్తవుతుంది. అప్పటిదాకా చిగుళ్ళ సలపరం, ఆట, లోకాన్ని నోటితో తడిమి చూసే అలవాటు అన్నీ కలిసి ఉంటాయి. సూదుల్లాంటి ఆ పళ్ళకు దవడ బలం తక్కువ. పంటి బలం అదుపులో పెట్టుకోవడం నేర్పాల్సింది ఈ కొద్ది నెలల్లోనే.

మరి కొరకడం మాన్పించేదెలా?

ముందు నొప్పి పుట్టించే కొరుకుళ్ళకు ఆట ఆపండి, మెత్తగా నోట పట్టే వాటిని కొన్ని రోజులు చూసీచూడనట్టు వదిలేయండి. గట్టివి తగ్గాక మెత్తటివాటికి కూడా ఆపండి. ఒక్కసారిగా నోరే పెట్టకూడదంటే కూనకు బలం కొలుచుకోవడం రాదు. ఎప్పుడో నొప్పి పుట్టి కరిచినప్పుడు పూర్తి బలంతో కరుస్తుంది.

పన్ను తగలగానే చేయి లాక్కోకండి. లాగితే పారిపోయే వేట అయిపోతుంది. చేతిని కదలకుండా ఉంచండి. వదలగానే మాట్లాడకుండా లేచి, చిన్న గేటు అవతలికి వెళ్ళి 20–30 సెకన్లు ఉండి రండి. అంతకన్నా ఎక్కువసేపు వెళితే ఎందుకు వెళ్ళారో మరిచిపోతుంది. తిరిగొచ్చాక తాడు బొమ్మ అందించి ఆట కొనసాగించండి. కీచుమని అరవమని కొందరు చెబుతారు. ఆ అరుపుకు కొన్ని ఆగుతాయి, కొన్ని మరింత రెచ్చిపోతాయి. రెండు రోజులు చూసి, రెచ్చిపోతుంటే మానేయండి.

ఇది పనిచేయని ఇళ్ళలో సాధారణంగా ఒకరు ఆట ఆపుతుంటే ఇంకొకరు వట్టి చేతులతో కుస్తీ ఆడిస్తుంటారు. ఇంట్లో అందరూ ఒకే పద్ధతిలో ఉంటే రెండు మూడు వారాల్లో తేడా కనబడుతుంది. మూతి నొక్కిపట్టడం, ముక్కు మీద కొట్టడం మాత్రం వద్దు. ముఖం వైపు వచ్చే చేయి నొప్పి తెస్తుందని నేర్చుకున్న కుక్కే రేపు పక్కింటి పిల్లవాడి చేతిని చూసి పళ్ళు చూపిస్తుంది.

సాయంత్రమయ్యేసరికి పూనకం వచ్చినట్టు కొరుకుతుంది. ఎందుకు?

నిద్ర చాలక. ఈ వయసు కూనకు రోజుకు 18–20 గంటల నిద్ర కావాలి. గంటసేపు మెలకువగా ఉంటే గంటన్నర, రెండు గంటలు పడుకోవాలి. వరుసగా మూడుసార్లు కొరికితే దానికి ఇంకో పాఠం వద్దు, చీకటి మూల, నమలడానికి ఒక బొమ్మ ఇచ్చి పడుకోబెట్టండి.

ఆటలోని గుర్రుకూ, నిజమైన కోపానికీ తేడా ఎలా తెలుస్తుంది?

గొంతు కన్నా ఒంటిని చూడండి. ఆటలో ఒళ్ళు వదులుగా వంకర్లు తిరుగుతుంది, ముందుకాళ్ళు వంచి వెనకభాగం పైకెత్తుతుంది, తరిమేదీ పారిపోయేదీ మధ్యమధ్య స్థానాలు మార్చుకుంటాయి. కోపమో భయమో అయితే కదలిక ఆగిపోతుంది. ఒక్క క్షణం కొయ్యబారి, నోరు మూసుకుని, కళ్ళ అంచున తెల్లభాగం కనిపిస్తూ చూస్తుంది. ఆ నిశ్చలత్వమే అన్నిటికన్నా పెద్ద హెచ్చరిక. తోక ఊపుతోంది కదా అని ధైర్యపడకండి. బిగిసిన తోక పైకి నిలబెట్టి సన్నగా ఊపడం స్నేహం కాదు.

రెండు కూనలు ఆడుతుంటే అనుమానం వస్తే, పైచేయిగా ఉన్నదాన్ని పక్కకు తీయండి. రెండోది మళ్ళీ దాని దగ్గరికి పరుగెత్తితే అది ఆటే. చాటుకు పోయి దాక్కుంటే అది ఆట కాదు.

గుర్రుమంటే కొట్టి మాన్పించాలా?

ఎన్నడూ వద్దు. గుర్రు అంటే కరవకుండా చెప్పిన మాట. దాన్ని శిక్షిస్తే భయం అలాగే ఉంటుంది, మాట మాత్రం పోతుంది. ఆ తర్వాత వచ్చేదే అందరూ చెప్పే "ఉన్నట్టుండి కరిచింది". గుర్రుమన్నప్పుడు చేస్తున్న పని ఆపండి, నెమ్మదిగా దూరం జరగండి, దేనికి గుర్రుమందో రాసి పెట్టుకోండి. వెనక్కి తగ్గితే అలుసైపోతామని కంగారు పడకండి. అప్పటికి గండం గడవాలి. కారణాన్ని మర్నాడు మెల్లగా, దూరం నుంచి, ముక్కలతో సరిచేయవచ్చు.

వెల్లకిలా పడేసి నొక్కిపడితే మనమే నాయకులమని తెలుస్తుందంటారు. నిజమేనా?

ఈ నమ్మకం పుట్టింది తోడేళ్ళ నుంచి. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే పరిశోధకుడు బోనులో ఉన్న తోడేళ్ళను గమనించి, అవి పెత్తనం కోసం పోరాడతాయని రాసిన విషయాలను తర్వాతివారు కుక్కలకు అంటగట్టారు. తోడేళ్ళను దశాబ్దాలు పరిశీలించిన డేవిడ్ మీచ్ 1999లో, అడవిలోని తోడేళ్ళ గుంపు సాధారణంగా తల్లిదండ్రులు, పిల్లలు ఉన్న కుటుంబమేనని, పెత్తనం కోసం పోరాడుకునే ముఠా కాదని స్పష్టంగా రాశారు. అమెరికాలో ప్రవర్తన సమస్యలతో వైద్యానికి వచ్చిన కుక్కల యజమానులను ప్రశ్నించి 2009లో ప్రచురించిన అధ్యయనం ఇంకా సూటిగా ఉంది: కుక్కను వెల్లకిలా నొక్కిపట్టినవారిలో 31 శాతం మంది, కొట్టినవారిలో లేదా తన్నినవారిలో 43 శాతం మంది తమ కుక్క తిరగబడిందని చెప్పారు. కోపం తగ్గించడానికి చేసిన పనే కోపాన్ని తెచ్చిందన్నమాట.

తింటున్నప్పుడు గిన్నె దగ్గరికి వెళితే బిగుసుకుంటుంది. గిన్నె లాక్కుని అలవాటు చేయాలా?

లాక్కుంటే దాని అనుమానమే నిజమని రుజువు చేసినట్టు. మీరు వస్తే గిన్నెలోంచి పోదు, గిన్నెలోకి వస్తుందని నేర్పాలి. రోజూ తినేదానికన్నా ఎంతో రుచైనదాన్ని, ఉదాహరణకు ఉప్పూ మసాలా లేకుండా ఉడికించిన కోడిమాంసాన్ని, బఠాణీ గింజంత ముక్కలుగా చేసుకోండి.

1. కూన తింటుండగా, అది పట్టించుకోనంత దూరంలో, అంటే 2–3 మీటర్ల అవతల నుంచి నడుస్తూ గిన్నె వైపు ఒక ముక్క విసిరి ఆగకుండా వెళ్ళిపోండి. పూటకు 5–6 సార్లు.
2. మిమ్మల్ని చూసి తలెత్తి తోక ఊపుతుంటే, మర్నాడు ఒక అడుగు దగ్గరగా నడవండి.
3. పక్కకు చేరాక ముక్కను గిన్నెలోనే వేసి వెళ్ళండి. ఇంకా చేయి గిన్నెను తాకకూడదు.
4. వారంపాటు నిశ్చింతగా ఉంటే, ఒక చేత్తో గిన్నె అంచు తాకుతూ ఇంకో చేత్తో ముక్క వేయండి.
5. చివరిగా గిన్నె ఎత్తి, ముక్క వేసి, వెంటనే తిరిగి పెట్టేయండి. ఇది వారానికి ఒకట్రెండుసార్లు చాలు.

ఎక్కడైనా బిగుసుకున్నా, గబగబా మింగడం మొదలుపెట్టినా రెండు అడుగులు వెనక్కి. ఒకే రోజు అన్ని మెట్లూ ఎక్కేయాలనే తొందర వల్లే ఇది ఎక్కువగా చెడుతుంది. ఇంకో తప్పు, కూన తినే ప్రతిసారీ గిన్నెలో చేయి పెట్టి కెలకడం. అది ఓర్పును నేర్పదు, ఉన్న ఓర్పును అరగదీస్తుంది.

చెప్పో సాక్సో నోట కరుచుకుని ఇవ్వదు.

వెంటపడకండి, నోరు బలవంతంగా తెరవకండి. ముక్కు ముందు మంచి ముక్క పెట్టండి. నోరు తెరిచిన క్షణంలో "వదులు" అని, ముక్క ఇచ్చి, వీలైతే వస్తువును కూడా తిరిగి ఇచ్చేయండి. దాని బొమ్మలతోనే రోజుకు పదిసార్లు ఆడితే వారంలో మాట ముందు, ముక్క తర్వాత అవుతుంది. ఇచ్చినా తిరిగొస్తుందని నమ్మిన కుక్క వస్తువుకు కాపలా కాయదు. మందుబిళ్ళో, గాజుముక్కో నోట పెట్టుకున్న రోజు ఈ సాధన ప్రాణం కాపాడుతుంది.

గోళ్ళు, చెవులు ముట్టనివ్వదు.

తాకడం ఒక సెకను, వెంటనే ముక్క. ముందు భుజం, తర్వాత కాలు, పంజా, ఒక్కో వేలు. చెవి తాకడం, ఎత్తడం, లోపలికి చూడటం. పెదవి ఎత్తి పళ్ళు చూడటం. రోజుకు 3 నిమిషాలు. మొదటి రోజు గోళ్ళ కత్తెరను చూపించి ముక్క పెట్టడమే పని. రెండు మూడు రోజులు పోయాక గోటికి తాకించండి. తర్వాత ఒకే ఒక్క గోరు కత్తిరించి ఆపేయండి. కాలు లాక్కుంటే వదలండి. పట్టుబట్టి నాలుగు కాళ్ళూ ఒకేసారి పూర్తిచేస్తే ఆరోజు గోళ్ళు పోతాయి, తర్వాత ఏడాది పోరాటం మిగులుతుంది. కరవకుండా మూతికి తొడిగే ముట్టె తొడుగును (మజిల్) కూడా ఈ వయసులోనే, లోపల ముక్క పెట్టి, కూననే మూతి దూర్చనిస్తూ అలవాటు చేయండి. ఎప్పుడైనా దెబ్బ తగిలి డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సి వస్తే ఎంతో మేలు.

ముక్కలు ఇన్ని పెడితే లావెక్కదా?

రోజు తిండిలో పదోవంతు మించనివ్వకండి. తేలికపాటి సాధనకు దాని మామూలు తిండి గింజలే వాడుకోవచ్చు. సరైన పని చేసిన ఒకటి రెండు సెకన్లలో ముక్క అందాలి. ఆలస్యమైతే ఇంకేదో పనికి మెప్పు దక్కుతుంది. ఒక్కో పాఠం 3–5 నిమిషాలు మించొద్దు. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లి, జైలిటాల్ (చక్కెరకు బదులు వాడే తీపి) ఉన్న పదార్థాలు కుక్కకు విషం.

ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు. ఏం జాగ్రత్త పడాలి?

పసివాళ్ళ ముఖం కుక్క మూతికి సమాన ఎత్తులో ఉంటుంది, అందుకే వాళ్ళకు కాట్లు తల మీద, ముఖం మీద పడతాయి. వాళ్ళను కూనతో ఒంటరిగా వదలకండి, ఒక్క నిమిషమైనా సరే. అదే గదిలో ఫోన్ చూస్తూ కూర్చోవడం కాపలా కిందికి రాదు. చూపు వాళ్ళ మీదే ఉండాలి, కుదరనప్పుడు మధ్యలో గేటు ఉండాలి.

పిల్లలకు నేర్పాల్సినవి కొన్నే. తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు కూనను ముట్టుకోకూడదు. కావలించుకోకూడదు, మనకది ప్రేమ, చాలా కుక్కలకు అది చిక్కుకుపోవడం. కూన మీదికి ఎగిరితే పరుగెత్తకుండా, చేతులు కట్టుకుని, పాదాల వైపు చూస్తూ చెట్టులా నిలబడాలి. కదలని మనిషితో ఆడటానికేమీ ఉండదు కనుక అది వెళ్ళిపోతుంది. కూనకు కూడా ఎవరూ రాని ఒక మూల ఉండాలి. అక్కడికి పోతే ఎవరూ వెంటరారని తెలిసిన కుక్కకు గుర్రుమనే అవసరం తక్కువ.

తాడు కట్టి నడిపిస్తే వేరే కుక్కలను చూసి మొరుగుతూ దూకుతుంది.

తాడు బిగిస్తే వెళ్ళడానికీ లేదు, తప్పుకోవడానికీ లేదు. మొరిగితే ఆ కుక్క ఎలాగూ దాటిపోతుంది, తన మొరుగుడే తరిమిందని మీది అనుకుంటుంది. మెడపట్టీకి బదులు ఛాతీకి తొడిగే హార్నెస్ వాడండి, తాడు 2 మీటర్ల దాకా వదులుగా ఉండనివ్వండి. అవతలి కుక్క కనబడి, మీది ఇంకా మొరగకముందే ముక్క పెట్టండి. దారి చాలకపోతే పక్కకు మళ్ళండి. తాడు గుంజి తిడితే, కుక్క కనబడితే మెడ నొప్పి అన్న లెక్క కుదురుతుంది.

కట్టేసి ఉంచితే మంచి కాపలా కుక్క అవుతుందా?

అవదు. పారిపోలేని స్థితిలో భయపడ్డ కుక్కకు మిగిలేది పళ్ళే. అతిథికీ దొంగకూ తేడా తెలియాలంటే ముందు చాలామంది మంచి మనుషులను చూసి ఉండాలి.

జాతిని బట్టి కోపం ఉంటుందా?

కొంత. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన, 18,000కు పైగా కుక్కల వివరాలు తీసుకున్న అధ్యయనంలో, ఒక్కో కుక్క ప్రవర్తనలోని తేడాల్లో జాతి వివరించగలిగింది సుమారు 9 శాతమే. జాతి పేరు కన్నా తల్లిని చూడండి. కొత్తవారిని చూసి తల్లి మూల నక్కితే ఆ పిల్లల్లోనూ పిరికితనం ఉండే అవకాశం ఎక్కువ. పెద్ద జాతి కరిస్తే గాయం పెద్దది, కాబట్టి పాఠం మరింత శ్రద్ధగా చెప్పాలి.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే కోపం తగ్గిపోతుందా?

మగకుక్కల్లో తిరుగుళ్ళు, మూత్రంతో గుర్తులు పెట్టడం, కొన్నిటిలో ఇతర మగకుక్కలతో కొట్లాట తగ్గవచ్చు. భయంతో వచ్చే కోపం దానివల్ల పోదు. పిరికి కూన అయితే ఎప్పుడు చేయించాలో డాక్టర్‌తో ప్రత్యేకంగా మాట్లాడండి.

మా దగ్గరికి వచ్చేసరికే 5 నెలలు దాటాయి. ఆలస్యమైపోయిందా?

పైన చెప్పినవన్నీ చేయొచ్చు, వేగం మాత్రం సగానికి తగ్గించండి. వారాల్లో వచ్చే మార్పు నెలల్లో వస్తుంది. మొదటి రెండు వారాలు అతిథులను పిలవకండి. ఇల్లు, తిండి వేళలు, మీ నడక చప్పుడు అలవాటు కానివ్వండి. ఇక, బాగా పెరిగిన కూనలు కూడా 6–14 నెలల మధ్య ఎప్పుడో నిన్నటిదాకా పట్టించుకోని చెత్తబుట్టను చూసి కొత్తగా బెదురుతాయి. బలవంతం చేయకుండా దూరం ఇస్తే సాధారణంగా కొద్ది వారాల్లో సర్దుకుంటుంది.

నిపుణుల దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలి?

నాలుగు నెలల లోపు కూన కొయ్యబారి చూస్తూ గుర్రుమన్నా, కరిచి చర్మం చీల్చినా, ఒకే మనిషిని మళ్ళీ మళ్ళీ లక్ష్యం చేసుకున్నా, ఖాళీ గిన్నెకు కూడా కాపలా కాస్తున్నా ఆగకండి. నిన్నటిదాకా బాగున్నది ఇవాళ తాకితే కరుస్తుంటే ముందు వెటర్నరీ డాక్టర్‌కే చూపించండి. చెవిలో ఇన్ఫెక్షన్, పంటి నొప్పి, తుంటి కీలు నొప్పి ఇలాగే బయటపడతాయి. శిక్షకులను ఎంచుకునేటప్పుడు, కుక్క తప్పు చేస్తే మీరేం చేస్తారని అడగండి. గొలుసు గుంజుతామనో, కరెంటు పట్టీ వేస్తామనో అంటే వేరేవారిని చూసుకోండి.

పన్ను దిగి రక్తం వచ్చింది. ఏం చేయాలి?

చిన్న గాటే, మన కూనే అని వదిలేయకండి. పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. రేబిస్, ధనుర్వాతం టీకాలు కావాలా లేదా అన్నది వారు నిర్ణయిస్తారు. కూన టీకా కార్డు వెంట ఉంచుకోండి. రేబిస్ టీకా సాధారణంగా 3 నెలల వయసులో వేస్తారు, కాబట్టి అంతకన్నా చిన్నదైతే ఆ సంగతి తప్పక చెప్పండి. కూనను కొట్టకుండా వేరే గదిలో ఉంచండి. ఆ రోజే ఒక కాగితం మీద రాయండి: ఎన్ని గంటలకు, ఎవరిని, ఒంట్లో ఎక్కడ, దానికి ముందు నిమిషంలో ఏం జరుగుతోంది, కూన ఎంతసేపటి నుంచి మెలకువగా ఉంది, దగ్గర్లో తిండిగానీ బొమ్మగానీ ఉందా. మిమ్మల్ని చూసే నిపుణులు మొదట అడిగేవి ఇవే, రెండు రోజులైతే ఎవరికీ సరిగ్గా గుర్తుండవు.